ఆఖరి స్టేజీ దాకా

జనగామలో జబీన్ ఏం పని చేస్తుందని ఆమె తల్లి దిల్షాద్ బేగంను అడిగితే "పేపర్ల పని" అంటుంది. పేపర్లు వేసే పనా అని అడుగుతారు. కాదు, రాసే పని అంటుంది. ఏం రాస్తది అని అడుగుతారు. "బస్సు టైములు" అంటుంది దిల్షాద్ బేగం. ఐదేళ్ళుగా జబీన్ రాతలు దిద్దుతున్నది నేను. ఇంతకంటే సరైన జవాబు నాకూ దొరకలేదు.

నా పేరు భూపాల్. మాది రేగొండ. హైదరాబాద్‌లో ఒక పత్రిక ఆదివారం అనుబంధంలో పర్యాటకం పేజీ నా చేతి కింద ఉంటుంది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నేను చూసిన జలపాతాలన్నీ నాలుగు కాలమ్‌ల వెడల్పులోనే ఉన్నాయి. జబీన్ మా ఉద్యోగి కాదు, ఫ్రీలాన్సర్. అంటే పేజీ మాది, ఎండ ఆమెది.

ఆమెకు ముప్ఫై తొమ్మిదేళ్ళు. జనగామలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేది. కరోనాలో బడి మూతపడింది. మళ్ళీ తెరుస్తారేమోనని ఏడాది చూసింది. తర్వాత చూడడం మానేసి బస్సెక్కింది. పెళ్ళి గురించి ఇంట్లో అడగడం ఎప్పుడో మానేశారు. ఇప్పుడు ఆ పని బస్సులో పక్క సీటు వాళ్ళు చేస్తున్నారు.

ఆమె ప్రయాణానికి ఒక పద్ధతి ఉంది. ఫలానా చోటు చూడాలని బయల్దేరదు. బస్టాండుకు పోయి, ఎప్పుడూ ఎక్కని పల్లెవెలుగు ఒకటి చూసి ఎక్కుతుంది. ఆఖరి స్టేజీ దాకా కూర్చుంటుంది. ఆఖరి స్టేజీలో దిగేవాళ్ళందరికీ ఆ ఊళ్ళో ఏదో పని ఉంటుంది. పని లేకుండా దిగేది ఈమె ఒక్కతే. అందుకని ఊరు ఊరంతా వచ్చి ఎవరు, ఎందుకు వచ్చావు, ఎవరింటికి అని అడుగుతుంది. అంతమంది అడిగాక ఇక ఈమె ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు.

ఆడవాళ్ళకు బస్సు ఉచితం అయ్యాక ఈ పద్ధతికి అడ్డే లేకుండా పోయింది. ఆధార్ కార్డు చూపిస్తుంది, కండక్టర్ జీరో టికెట్ కొట్టి ఇస్తుంది. జీరో టికెట్ చెల్లని పెద్ద బస్సులు వెళ్ళే చోట్ల గురించి జబీన్ రాయదు. అవి రాయడానికి చాలామంది ఉన్నారు.

ఆమె లోకానికి ఒక్కటే హద్దు, అది వాళ్ళమ్మ గీసింది. మగ్రిబ్ అజాన్‌కు ఇంట్లో ఉండాలి. తెల్లారి మొదటి బస్సుకు బయల్దేరి, పొద్దుగూకే నమాజు లోపల తిరిగి రాగలిగినంత దూరమే ఆమె భూగోళం. చలికాలంలో పొద్దు తొందరగా పడుతుంది కాబట్టి ఆ భూగోళం చిన్నదవుతుంది. డిసెంబర్‌లో ఆమెకు భూపాలపల్లి అందదు, లింగాల ఘనపూర్ చుట్టుపక్కలే తిరుగుతుంది. ఎండాకాలం వచ్చేసరికి భూపాలపల్లి మళ్ళీ అందుబాటులోకి వస్తుంది. ఈ సంగతి తెలియక ఒక జనవరిలో నేను ఆమెను గోదావరి దిక్కు వెళ్ళి రాయమన్నాను. "ఇప్పుడు గోదావరి లేదన్న, ఏప్రిల్‌ల వస్తది" అంది. నది గురించి అంటోందనుకుని నేను చాలాసేపు వాదించాను.

భూపాలపల్లి మీద ఆమె రాసింది నాకు బాగా గుర్తు. అక్కడ చూడవలసింది బొగ్గు గనిలో షిఫ్టు మారే వేళ అని రాసింది. మసి కడుక్కోకముందే వాళ్ళు ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకుంటారట, ఎట్లా గుర్తుపడతారో నిలబడి చూడండి అంది. పిల్లలతో వెళ్ళవచ్చా అని ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు. మా రేగొండ మీద కూడా రాసింది. గుట్టల్లోని పాత బొమ్మల గురించి రెండు పేరాలు, బస్సు దిగాక ఆడవాళ్ళకు మరుగుదొడ్డి ఎక్కడుందో, తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో ఒక పేరా. పుట్టి పెరిగిన ఊళ్ళో ఆ తాళంచెవి సంగతి నాకు తెలియదు. మా అక్కకు ఫోన్ చేసి అడిగాను. ఆమెకు తెలుసు.

జబీన్ రాసే ప్రతి వ్యాసం కింద ఒక బాక్సు ఉంటుంది. దానికి ఎప్పుడూ ఒకటే శీర్షిక, "ఎలా వెళ్ళాలి". ఏ బస్సు, ఎన్ని గంటలకు, ఎడమ వైపు కూర్చోవాలా కుడి వైపు కూర్చోవాలా, ఎక్కడ దిగాలి, ఎవరింట్లో అడిగితే మంచినీళ్ళు ఇస్తారు, తిరుగు బస్సు తప్పితే ఏం చేయాలి, అన్నీ అందులో ఉంటాయి. వ్యాసం ఒక్క పూటలో రాసేది. బాక్సుకు మూడు రోజులు పట్టేది. టైములు సరి చూసుకోవడానికి ఇంకోసారి అక్కడికి వెళ్ళి వచ్చేది.

పత్రికలో ఒక అలవాటు ఉంది. జాగా చాలకపోతే కింది నుంచి కోస్తాం. ముఖ్యమైనది పైన ఉంటుందని అందరూ అనుకుంటారు కాబట్టి, కింద ఉన్నది ముఖ్యం కాదని మేం అనుకుంటాం. ఐదేళ్ళలో ఆ బాక్సును నేను ఎన్నిసార్లు కోశానో లెక్క పెట్టలేదు. కోసిన ప్రతిసారీ ఆమె ఫోన్ చేసేది. "అన్న, బాక్సు రాలే" అనేది. "జాగా లేదమ్మా" అనేవాడిని. "మంచిది" అని పెట్టేసేది. ఆమెకు కోపం రాదనుకునేవాడిని. ఇంత తెలివితక్కువగా అనుకోవడానికి కూడా కొంత అనుభవం కావాలి.

గత వానాకాలం చివర్లో జబీన్ మహబూబాబాద్ వెళ్ళింది. మా దిక్కు దానిని మానుకోట అంటాం. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఒక తండాకు పోయే బస్సెక్కింది. తండా పేరు నేనిక్కడ మారుస్తున్నాను, బోడగుట్ట తండా అందాం. అసలు పేరు అచ్చు వేస్తే ఏమవుతుందో ఒకసారి చూశాను.

దవాఖాన స్టేజీలో ఒక పెద్దావిడ ఎక్కి జబీన్ పక్కన కూర్చుంది. ఎడమ మోచేతికి దూది కట్టు ఉంది. ఆమె పేరు రామి. మూత్రపిండాలు పాడయి నాలుగేళ్ళయింది. మంగళ, గురు, శనివారాలు పొద్దున ఏడు ఇరవైకి తండాలో ఇదే బస్సెక్కి వచ్చి, జిల్లా దవాఖానలో డయాలసిస్ చేయించుకుని, మధ్యాహ్నం ఇదే బస్సులో తిరిగి వెళుతుంది. కొడుకు లక్ష్మణ్ హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేస్తాడు.

"ఏడికి బిడ్డా?" అని రామి అడిగింది.

"ఆఖరి స్టేజి దాకా అవ్వ."

"ఆఖర్ల మా తండనే ఉన్నది. ఎవరింటికి?"

"ఎవరింటికి లేదు. ఉత్తగనే. సూసి పేపర్ల రాస్త."

అప్పుడు రామి అసలు సంగతి చెప్పింది. "గీ బస్సు ఇగ లోపటికి రాదట. ఎక్కెటోళ్ళు లేరంటున్నరు. రోడ్డు మీది స్టేజి కాడ్నే మర్లిపోతదట. ఆడికెల్లి మా తండకు ఆరు కిలోమీటర్లు. దవాఖానకెల్లి వచ్చిన్నాడు నాకు ఇంటి గడప దాటుడే కష్టం." మళ్ళీ తనే అంది. "నువ్వు రాస్తనంటివి గద, మా తండ గురించి గూడ రాయరాదు. నలుగురొస్తె బస్సుంటది."

"మీ తండల సూడనీకి ఏమున్నదవ్వ?"

"గుట్ట ఉన్నది."

"గుట్ట మీద?"

రామి నిజాయితీగా ఆలోచించింది. "ఏం లేదు బిడ్డా" అంది.

ఇక్కడే జబీన్‌కు చిక్కు వచ్చి పడింది. లేనిది ఉందని ఆమె రాయదు. ఒకసారి ఒక చెరువును అందమైన చెరువు అని రాయమన్నందుకు నాతో పది రోజులు మాట్లాడలేదు. అయినా రామి మాట ఆమెను వదల్లేదు. వారంలో మూడుసార్లు ఆ బస్సెక్కింది. గుట్ట ఎక్కింది, దిగింది. నిజంగానే ఏమీ లేదు. సీతాఫలం చెట్లు, రాళ్ళు, మేకలు. మూడోసారి, పొద్దున పూట ఎట్లా ఉంటుందో చూడాలని, ఐదేళ్ళలో మొదటిసారి మగ్రిబ్ దాటేసి రామి ఇంట్లో ఉండిపోయింది. దిల్షాద్ బేగం ఫోన్‌లో కూతురితో మాట్లాడలేదు. ఆ ఇంటామెకు ఇవ్వమంది.

"మీ ఇంట్ల ఎవరెవరుంటరమ్మా?" అని అడిగింది.

"నేను, నా మేక" అంది రామి.

దిల్షాద్ బేగం ఆలోచించి, సరే అంది.

తెల్లవారి జబీన్ గుట్ట మీద నిలబడితే కనబడింది. ఏడు గంటలకు కొంచెం ముందు, దూరంగా రోడ్డు మీది స్టేజీ దగ్గర బస్సు తండా దారిలోకి తిరిగింది. ఆ ఆరు కిలోమీటర్లూ అది పత్తి చేన్ల మధ్య వంకలు తిరుగుతూ, ఒకసారి కనబడకుండా పోయి, కల్వర్టు దగ్గర మళ్ళీ తేలి, నిమ్మళంగా వచ్చింది. కింద తండాలో ఒక్కొక్క ఇంటి నుంచి ఒక్కొక్కరు బయటికి వచ్చి, బస్సు ఎంత దూరంలో ఉందో ఆ మోతను బట్టి చూసుకుంటూ తల దువ్వుకోవడం, అన్నం గిన్నె కట్టుకోవడం ముగించారు. బడి ముందరి జాగాలో బస్సు చుట్టు తిరిగి ఆగేసరికి అందరూ అక్కడే ఉన్నారు. రామి కూడా ఉంది.

జబీన్ అదే రాసింది. గుట్ట మీద చూడడానికి ఏమీ లేదని మొదటి వాక్యంలోనే రాసింది. గుట్ట మీది నుంచి బస్సు రావడం చూడండి, పావుగంట పైగా కనబడుతుంది, ఒక ఊరు ఒక బస్సు కోసం ఎట్లా తయారవుతుందో ఇంత బాగా ఇంకెక్కడా కనబడదు అంది. కింద బాక్సు పెట్టింది. అందులోని మాటలు ఇప్పుడు నాకు నోటికి వచ్చు: "పొద్దున ఆరు ఇరవైకి మానుకోటలో బస్సెక్కండి. ఆ బస్సు రావడం మీరు చూడలేరు, అందులో మీరే ఉంటారు. గుట్టెక్కి మధ్యాహ్నం బస్సు రావడం చూసి, దిగి అదే బస్సులో వెళ్ళండి. సొంత బండి తేవద్దు. తండాలో బస్సు తిరిగే జాగా ఒక్కటే ఉంది, బడి ముందర. అక్కడ బండి పెడితే బస్సు లోపలికి రాలేదు. ఈ బస్సు మీదనే దవాఖానకు పోయేవాళ్ళు ఉన్నారు."

శుక్రవారం సాయంత్రం ఒక చీరల దుకాణం ప్రకటన వచ్చింది, అర పేజీ. నేను కింది నుంచి కోశాను. బాక్సు పోయింది. బస్సు గురించిన పేరా కూడా పోయింది. మిగిలిన దానికి "మానుకోట మబ్బుల్లో సూర్యోదయం" అని శీర్షిక పెట్టాను. కంప్యూటర్‌లో ఉన్న ఏదో గుట్ట ఫొటో ఒకటి వేశాను. ఎలా వెళ్ళాలో చెప్పకపోతే బాగుండదని ఒక్క వాక్యం నా సొంతంగా చేర్చాను: "హైదరాబాద్ నుంచి సొంత వాహనంలో నాలుగు గంటల ప్రయాణం." పేజీ చాలా బాగుందని మా సంపాదకుడు అన్నారు.

ఆదివారం పేజీ వచ్చింది. జబీన్ ఫోన్ చేసింది. "అన్న, బాక్సు రాలే" అంది. "జాగా లేదమ్మా" అన్నాను. ఈసారి మంచిది అనలేదు. "అన్న, గా బాక్సు రావాల్సుండె" అంది. నేను వచ్చే వారం చూద్దామన్నాను.

ఆ తర్వాతి శనివారం తెల్లారకముందే బోడగుట్ట తండాకు పదిహేడు కార్లు వచ్చాయి. వచ్చినవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. చెట్ల కింద పెడితే మేకలకు ఇబ్బందని, అందరూ బుద్ధిగా బడి ముందరి ఖాళీ జాగాలో వరసగా పెట్టారు. గుట్టెక్కి సూర్యుణ్ణి చూశారు. ఏడు గంటలకు బస్సు కల్వర్టు దాకా వచ్చింది. తిరిగే జాగా నిండిపోయి ఉండడం డ్రైవర్‌కు అక్కడి నుంచే కనబడింది. పదిసార్లు హారన్ కొట్టాడు. కార్ల తాళాలు గుట్ట మీద ఉన్నాయి. ఇటు తిప్పలేక అటు పోలేక, కల్వర్టు దగ్గరే వెనక్కి ముందుకూ చేసి ఎట్లనో తిప్పుకుని వెళ్ళిపోయాడు.

రామి ఆ హారన్ విని నడక మొదలుపెట్టింది. తండా దాటి కొంచెం దూరం పోయి, కూర్చుండిపోయింది. గుట్ట దిగిన ఒక కుటుంబాన్ని మానుకోట దాకా తీసుకుపోతారా అని అడిగింది. వాళ్ళు మర్యాదగానే చెప్పారు, సాయంత్రం వెళతామని. ఆమెకు బిస్కట్లు ఇచ్చారు. ఆమెతో ఫొటో దిగారు.

శనివారం డయాలసిస్ తప్పింది. గురువారం తర్వాత మళ్ళీ మంగళవారమే. ఆదివారం కూడా కార్లు వచ్చాయి, బస్సు లోపలికి రాలేదు, ఆమె ముఖం ఉబ్బింది. సోమవారం ఊపిరాడక 108 బండిలో తీసుకుపోయారు. ఆ బస్సు కండక్టర్ సులోచన జబీన్‌కు ఫోన్ చేసింది. జబీన్ నాకు చేసింది.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. జరిగింది జరిగినట్టు వరసగా చెప్పి, "నేను బాక్సుల రాసిన అన్న" అంది. నాకు సిగ్గుగా అనిపించింది. సిగ్గు అనేది చిన్న మాట, కానీ అంతకంటే పెద్ద మాట వాడితే నన్ను నేను మెచ్చుకున్నట్టు అవుతుంది.

మంగళవారం మానుకోట వెళ్ళాను. రామి దవాఖాన మంచం మీద ఉంది. పాదాల వాపు ఇంకా దిగలేదు. జబీన్ పక్కన స్టూలు మీద కూర్చుంది. తప్పు నాది అని చెప్పాను. "నువ్వెవరు బిడ్డా?" అని రామి అడిగింది. పత్రిక సంగతి, పేజీ సంగతి, కింది నుంచి కోసే అలవాటు, చీరల ప్రకటన, అన్నీ చెప్పాను. ఆమె ఓపిగ్గా మొత్తం విన్నది.

"చీరలు మంచియేనా?" అని అడిగింది.

చూడలేదన్నాను.

"అయ్యో, గదన్నా సూడాల్సుండె" అంది రామి.

అక్కడి నుంచి మేం డిపోకు వెళ్ళాం. అధికారి మంచిగానే కూర్చోబెట్టారు. తండాలో ఎక్కేవాళ్ళు మొదటి నుంచీ ఆరేడుగురే. మొన్న శని, ఆదివారాలు రెండు రోజులూ ఒక్కరూ ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదో టికెట్ మిషన్ చెప్పదు. వచ్చే నెలాఖరు నుంచి బస్సు రోడ్డు మీది స్టేజీ దాకానే. పొద్దటి ట్రిప్పులో తండా నుంచి పద్దెనిమిది మంది ఉంటే తప్ప ఆయన చేతిలో ఏమీ లేదు.

"జీరో టికెట్లు లెక్కకొస్తయా సార్?" అని జబీన్ అడిగింది.

"టికెట్ టికెట్టేనమ్మా" అన్నారాయన.

మధ్యాహ్నం బస్సులో తండాకు పోయాం. నేను డబ్బులిచ్చి టికెట్ తీసుకున్నాను. "గీ ట్రిప్పుల మీదొక్కటే పైసల టికెట్ సార్" అని సులోచన చేతిలో పెట్టింది. ఆ టికెట్ ఇప్పటికీ నా దగ్గరుంది. బడి ముందర తండా నాయక్ ధన్‌సింగ్ ఒక పెద్ద ముళ్ళకంప అడ్డం వేయించి పెట్టాడు. బస్సు వచ్చినప్పుడు తీస్తున్నారు, పోయాక వేస్తున్నారు. నన్ను చూసి ఎవరు అని అడిగాడు. నేను చెప్పకముందే జబీన్ "పేజి కోసిన సారు" అని చెప్పింది. అప్పుడు తెలిసింది, ఆమెకు కోపం వస్తుందని.

ఆడవాళ్ళంతా పత్తి ఏరి వచ్చాక, మగ్రిబ్ దాటుతుందని ఇంటికి ఫోన్ చేసి చెప్పి, జబీన్ మాట్లాడింది. జనాన్ని తండాకు రమ్మని రాయడం తన పొరపాటు అంది. బస్సులో జనమే కావాలంటే తండాలోనే ఉన్నారు అంది. రోజూ కొత్తగా ఓ పన్నెండు మంది పొద్దున ఎక్కి మానుకోట పోయి, మధ్యాహ్నం బస్సుకు తిరిగి రావాలి. కార్డు చూపిస్తే చాలు.

"పోయి ఏం జెయ్యాలె?" అని లత అడిగింది. లత రామి పక్కింటామె, ముప్ఫై నాలుగేళ్ళు.

"ఏం జెయ్యొద్దు. సూడాలె."

ధన్‌సింగ్‌కు ఇది నచ్చలేదు. "పని లేంది ఆడోళ్ళు ఉత్తగ బస్సుల తిరిగితే ఎవరన్న ఏమనుకుంటరు?" అన్నాడు.

లత లేచి నిలబడింది. "మిరప ఏరనీకి ఖమ్మం దిక్కు డీసీఎం లారీల నిలవడి పోతిమి కాకా. రెండు నెల్లు ఆడనే ఉంటిమి. అప్పుడెవ్వలు ఏమనుకోలే. ఇప్పుడు కూసోని పోతే అనుకుంటరా?"

ధన్‌సింగ్ కండువా సర్దుకున్నాడు.

కష్టం వేరే ఉంది. పత్తి ఏరే రోజులు, ఒక పూట పోతే ఆ పూట కూలి పోతుంది. దానికి దారి జబీన్‌కు తెలియదు, నాకసలే తెలియదు. వాళ్ళకు తెలుసు. రామికి డయాలసిస్ మొదలైనప్పటి నుంచి చేన్లో ఆమె సాలు, అంటే ఆమె వంతు పత్తి వరస, తలా ఇంత ఏరి పెడుతున్నారు. బదులు ఏరడం వాళ్ళకు కొత్త కాదు. పెళ్ళికి పోతే, పురుడుకు పోతే, పీనుగ లేస్తే ఒకరి సాలు ఒకరు పట్టడం ఎప్పటి నుంచో ఉంది. "నువ్వియ్యాల పో, నీ సాలు నేనేరుత. రేపు నేను పోత, నా సాలు నువ్వేరు" అని అక్కడే నిలబడి జతలు కుదుర్చుకున్నారు. ఊరు చూడడానికి పోవడానికి సాలు బదులు పట్టడం మాత్రం ఆ తండాలో అదే మొదటిసారి.

మరుసటి రోజు పంతొమ్మిది మంది ఎక్కారు. నెలంతా ఎక్కారు. సులోచన టికెట్ మిషన్‌కు ఛార్జింగ్ చాలలేదు. జబీన్ ఒక్కటే షరతు పెట్టింది. పోయి వచ్చిన ప్రతి ఒక్కరూ ఏం చూశారో ఒక్క ముక్క చెప్పాలి. ఫోన్‌లో చెప్పేవారు, ఆమె రాసుకునేది. ఒకామె తాళాలు మాత్రమే అమ్మే దుకాణం చూసింది, ఇన్ని తాళాలు పడేటన్ని ఇండ్లు ఏడున్నయి అని అడిగింది. ఒకామె పొద్దున పది గంటలకు ఐస్‌క్రీమ్ తిన్నది, అంతే, వేరే ఏమీ చూడలేదు. లత స్టేషన్‌కు పోయి రెండు గంటలు బెంచీ మీద కూర్చుంది. ఎవరినీ ఎక్కించడానికి కాదు, ఎవరినీ దింపుకోవడానికి కాదు. "ఎనిమిది రైళ్ళు సూసిన. ఒక్కటి గూడ నాది గాదు. మంచిగనిపించింది" అని చెప్పింది.

అవే మా పేజీలో వారం వారం వస్తున్నాయి. జబీన్ పేరు మీద కాదు, చెప్పినవాళ్ళ పేర్ల మీద. "ఎలా వెళ్ళాలి" బాక్సు ఇప్పుడు పేజీకి పై భాగంలో ఉంటుంది, శీర్షిక కంటే పైన. ఎందుకు అని సంపాదకుడు అడిగారు. డిజైన్ అన్నాను. నేను సెలవులో ఉన్నప్పుడు ఇంకెవరైనా కత్తెర పట్టుకుంటారు, వాళ్ళు కూడా కింది నుంచే కోస్తారు.

నెలాఖరుకు డిపో నుంచి కబురు వచ్చింది. బస్సు తండాలోకే వస్తుంది, ఇంకో మూడు నెలలు చూస్తారట. మూడు నెలలే కదా అని నాకు దిగులేసింది. జబీన్ మాత్రం క్యాలెండర్ తీసి, అప్పటికి పత్తి అయిపోయి మిరప వస్తుందని, ఏ సాలు ఎవరు బదులు పట్టాలో లతతో కూర్చుని మళ్ళీ రాసుకుంది.

రామి పది రోజులకు ఇంటికి వచ్చింది. మంగళ, గురు, శనివారాలు మళ్ళీ బస్సెక్కుతోంది. దవాఖానకు పోయేవాళ్ళ సీటని ముందు సీటు ఒకటి వదిలేస్తున్నారు. ఒకరోజు జబీన్ తండాలో పేర్లు రాస్తుంటే ఆమె వచ్చి నిలబడింది.

"నా పేరు గూడ రాయి" అంది.

"నువ్వు వారంల మూడు దినాలు పోతనే ఉంటివి గదవ్వ."

"గది పోవుడు గాదు" అంది రామి.

జబీన్ బుధవారం కింద ఆమె పేరు రాసింది. బుధవారం రామి ఉతికిన పేటియా లంగా, అద్దాల రవికె వేసుకుని ఏడు ఇరవైకి బస్సెక్కింది. లత వెంట వెళ్ళింది. మానుకోట బస్టాండులో దిగి ఇద్దరూ సిమెంటు బెంచీ మీద కూర్చున్నారు. రామికి నీళ్ళు కొలిచి తాగాలి కాబట్టి ఒక చాయ్ ఇద్దరూ పంచుకున్నారు. ఎక్కడికీ పోలేదు. మధ్యాహ్నం బస్సుకు తిరిగి వచ్చేశారు.

సాయంత్రం జబీన్ ఫోన్ చేసి ఏం చూశావవ్వా అని అడిగింది. రామి చెప్పింది చెప్పినట్టు ఆ ఆదివారం వేశాం. మా పేజీలో అంత చిన్న వ్యాసం ఎప్పుడూ రాలేదు. ఒక్క అక్షరం కోయలేదు.

"దవాఖాన స్టేజి వచ్చింది. బస్సు ఆగింది. నేను దిగలే."